ఆలేరులో దిగిన స్పిట్‌ఫైర్

దసరా సెలవులకు మా మనవడు ఆలేరు వచ్చాడు. బట్టల సంచీ భుజానికి వేలాడేసుకుని, రెండో చేత్తో పొడుగాటి అట్టగొట్టం ఒకటి పసిపిల్లను ఎత్తుకున్నంత పదిలంగా పట్టుకొచ్చాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదట.

"ఏందిరా అది? కొత్త క్యాలెండరా?" అన్నాను.

"కాదు అమ్మమ్మా, విమానం. ఇంకా పుట్టలేదు" అన్నాడు.

గొట్టంలోంచి దళసరి కాగితాలు ఎనిమిది తీసి మంచం మీద పరిచాడు. వాటినిండా రంగు రంగుల ముక్కలు అచ్చువేసి ఉన్నాయి. ముక్క ముక్కకూ ఒక నంబరు. లెక్కపెడితే రెండు వందలు దాటాయి. వాటిని కత్తిరించి, మడిచి, అతికిస్తే రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ అనే యుద్ధ విమానం తయారవుతుందట. ఊరికే గాలిలోకి విసిరే కాగితం విమానం కాదు. అసలు విమానంలో ముప్ఫై మూడో వంతు. ప్రతి కొలతా ఆ లెక్కకే సరిపోవాలి. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లయితే, మాది 34 సెంటీమీటర్లన్నమాట. నా అప్పడాల కర్ర పెట్టి చూశాను. సరిగ్గా దానంతే!

"నువ్వు చేసుకో నాయనా, నాకు బతుకమ్మ పనులున్నయి" అన్నాను గానీ, రెండో రోజుకల్లా నేనూ ఆ కాగితాల ముందు కూలబడ్డాను. కత్తెర పట్టిన చేయి ఊరికే ఉంటుందా!

మొదటి తప్పు నాదే. అతికించడానికి ఇంట్లో మైదాపిండితో లై ఉడికించి ఇచ్చాను. చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు వేసుకున్నది ఆ లైతోనే కదా, విమానానికి పనికిరాదా అనుకున్నాను. తడికి కాగితం ఉబ్బి, ఆరాక ఎడమ రెక్క అప్పడంలా ముడుచుకుపోయింది. పిల్లవాడు ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. మర్నాడు బజారులో ఆ ఒక్క కాగితాన్నీ మళ్ళీ రంగుల్లో అచ్చు వేయించుకొచ్చి, ఫెవికాల్‌ను చీపురుపుల్ల కొసతో చుక్క చుక్కగా పెట్టడం నేర్చుకున్నాను.

పనిముట్లన్నీ ఇంట్లోవే. బ్లేడు, ఇనుప స్కేలు, చిన్న కత్తెర, సిరా అయిపోయిన బాల్‌పెన్ను ఒకటి. మడవాల్సిన గీత మీద ఆ పెన్నుతో గట్టిగా గీస్తే అక్కడ సన్నని గాడి పడి, మడత కత్తిలా తిన్నగా వస్తుంది. కత్తిరించిన అంచులో కాగితం తెలుపు కనబడకుండా స్కెచ్ పెన్నుతో రంగు అద్దాలి. లోపల అట్టముక్కలతో అడ్డపలకలు పెట్టి, వాటి మీద పై కాగితం చుట్టాలి. పందిరి వేసి పైన గుడ్డ కప్పినట్టే.

అన్నిటికన్నా కష్టమైనది ముక్కు దగ్గర వస్తుంది. కాగితం ఒక వైపుకే వంగుతుంది. అప్పడాల కర్రకు చుట్టండి, చక్కగా గుండ్రమవుతుంది. అదే కాగితాన్ని కొబ్బరి చిప్ప మీద పరచండి, ముడతలు పడుతుంది. మరి గుండ్రటి ముక్కును కాగితంతో చేసేదెట్లా? పిల్లవాడు తల పట్టుకున్నాడు. నేను నవ్వాను. ఛాతీ దగ్గర టక్కులు వేయకుండా ఎవరైనా జాకెట్టు కుట్టగలరా? చదునైన గుడ్డను గుండ్రటి ఒంటికి అమర్చే కిటుకు అదే. విమానం ముక్కు దగ్గరా అంతే. కాగితాన్ని పూరేకుల్లా చీల్చి, ఆ చీలికలను దగ్గరకు లాగి అతికించాలి. "అమ్మమ్మా, నీకు ఇంజనీరింగ్ వచ్చు" అన్నాడు వాడు. నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను, ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు!

* * *

చేతులు పని చేస్తుంటే కబుర్లు వాటంతటవే వస్తాయి. ఈ విమానం కథ కూడా అట్లా ముక్క ముక్కగానే నాకు తెలిసింది. కొంత వాడు చెప్పాడు, కొంత నేను చదివాను.

స్పిట్‌ఫైర్‌ను రూపొందించినవాడు రెజినాల్డ్ మిచెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1936 మార్చి 5న మొదటి నమూనా సౌతాంప్టన్ దగ్గర గాలిలోకి లేచింది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కాన్సర్‌తో చనిపోయాడు. అప్పటికి ఆయనకు నలభై రెండేళ్ళే. ఆ తరువాత ఇరవై వేలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. ఆయన మాత్రం ఆ ఒక్క నమూనా ఎగరడమే చూశాడు.

దాని అందమంతా రెక్కల్లో ఉంది. తమలపాకు కొసలాగా అంచులు మెల్లగా ఒంపు తిరిగి సన్నబడతాయి. అది అందం కోసం చేసింది కాదు. రెక్క పలచగా ఉంటే వేగం ఎక్కువ. కాని ఆ పలచటి రెక్కలోనే మరతుపాకులు పట్టాలి, పైకి ముడుచుకున్న చక్రాలు పట్టాలి. అందుకే మొదట్లో బాగా వెడల్పుగా ఉంచి, చివరకు వచ్చేసరికి గుండ్రటి ఒంపుతో ముగించారు. ఆ ఒంపులు కత్తిరించేటప్పుడు నాకు బ్లేడు మూడుసార్లు జారింది. అసలు విమానం చేసినవాళ్ళకూ ఆ రెక్కలతో తల ప్రాణం తోకకొచ్చిందట. తిన్నటి రెక్కలున్న హరికేన్ విమానం తయారీకి పట్టిన దానికన్నా దీనికి చాలా ఎక్కువ పని గంటలు పట్టేవి.

1940 సెప్టెంబరులో జర్మన్లు సౌతాంప్టన్‌లోని స్పిట్‌ఫైర్ కర్మాగారం మీద బాంబులు వేసి ధ్వంసం చేశారు. అప్పుడు ఏం చేశారనుకున్నారు? పనిని ముక్కలు చేసి మోటారు షెడ్లకూ, బస్సుల డిపోలకూ, బట్టలుతికే లాండ్రీలకూ పంచేశారు. ఒకచోట రెక్క, ఒకచోట తోక. ఆ షెడ్లలో పనిచేసిన వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. మా ఇంట్లోనూ అదే పద్ధతి నడిచింది. తోక మనవడిది, రెక్కలు నావి. పైలట్ కూర్చునే చోట పైన ఉండే అద్దం మాత్రం మిఠాయి డబ్బా మూత నుంచి వచ్చింది.

అసలు కాగితంతో ఇటువంటి విమానాలు చేసే సరదా పెరిగింది కూడా ఆ యుద్ధకాలంలోనే. లోహమూ, మంచి కలపా యుద్ధానికే సరిపోని రోజుల్లో పిల్లల ఆటబొమ్మలకు మిగిలింది కాగితమే. 1944లో అమెరికాలో ఒక అటుకుల్లాంటి పలహారం కంపెనీ వాళ్ళు, వాలిస్ రిగ్బీ అనే ఆయన గీసిన కాగితం యుద్ధ విమానాలను పిల్లలకు పోస్టులో పంపేవారు. ముక్కులో ఒక పెన్నీ నాణెం బరువుగా పెడితే అవి నిజంగానే ఎగిరేవి. యుద్ధం తరువాత ఈ విద్యను పెద్దయెత్తున అందిపుచ్చుకున్నది పోలండు. 1957 నుంచి అక్కడ దీనికోసమే ఒక పత్రిక వచ్చింది. మా మనవడి ముప్ఫై మూడో వంతు లెక్క కూడా అక్కడ స్థిరపడిందే. ఈ పోలండు మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

* * *

నాలుగో రోజున పక్కభాగాలు అతికిస్తున్నాం. పైన మట్టిరంగు, ఆకుపచ్చ కలిసిన మచ్చలు, కింద లేత ఆకాశం రంగు. పక్కన గుండ్రటి గుర్తు, దాని ముందు యు, ఎమ్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు.

"ఈ అక్షరాలేందిరా?" అన్నాను.

"అది దళం గుర్తు అమ్మమ్మా. 152వ నంబరు స్క్వాడ్రన్. అన్ని స్పిట్‌ఫైర్లలో దీన్నే ఎందుకు తెచ్చిన్నో తెలుసా? ఈ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్!"

వాడు వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. కాదు. బ్రిటిష్ వాయుసేనలో 152వ దళానికి అధికారికంగా ఉన్న పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని ముద్ర మీద ఉన్న బొమ్మ ఏమిటో తెలుసునా? సింహమూ కాదు, గద్దా కాదు. మన నిజాంగారి తలపాగా! ఆ దస్తార్ కింద రాసిన మాటకు అర్థం "నమ్మకమైన మిత్రుడు". మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి ఇంగ్లీషువాళ్ళు 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదే అది, యారే వఫాదార్.

ఆ మొదటి యుద్ధపు సాయంలోనూ విమానాలే ఉన్నాయి. అప్పుడు 110వ నంబరు దళానికి డి.హెచ్. 9ఎ అనే రకం బాంబు విమానాలు నిజాం కానుకగా వచ్చాయి. 1918 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అవి ఫ్రాన్సు నుంచి ఎగిరి జర్మన్ పట్టణాల మీద బాంబులు వేశాయి. అప్పటి విమానానికి కట్టెచట్రం, దాని మీద బిగించి కుట్టిన నారబట్ట. ఆ బట్టను కర్మాగారాల్లో కుట్టినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. మా ఎదురింటి మగ్గం ముందు ఆ సంగతి చెబితే, నేసే ఆయన పడుగు సరిచేసుకుంటూ, "గాలిని ఆపాల్నంటే నేత ఎంత దగ్గరగ ఉండాల్నో!" అన్నాడు. ఎవరి లెక్క వాళ్ళది.

ఆ విమానాల్లో ఒకటి అక్టోబరు 5న జర్మనీలో నేలకు దిగి పట్టుబడింది. జర్మన్లు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో బాంబుల భయానికి తూర్పుకు తరలించారు. యుద్ధం ముగిశాక చూస్తే అది పోలండులో తేలింది. ఎన్నో ఏళ్ళు క్రాకోలో ఉన్న ఆ విమానాన్ని 1977లో లండన్‌లోని వాయుసేన ప్రదర్శనశాలవారు తిరిగి తెచ్చుకున్నారు. ఊరికే ఇవ్వలేదు పోలండువాళ్ళు. బదులుగా ఏం పుచ్చుకున్నారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్! హైదరాబాదు పేరున్న పాత విమానానికి స్పిట్‌ఫైర్ మారకం. దాని ఒంటి మీద ఇది నిజాంగారి కానుక అని, హైదరాబాద్ 12ఎ అని రాసి ఉంటుంది.

ఇక రెండో యుద్ధం. 1939 అక్టోబరులో 152వ దళాన్ని మళ్ళీ నిలబెట్టారు. నిజాం విరాళానికి గుర్తుగా దానికి హైదరాబాద్ అని పేరు. అదే నెలలో నిలబెట్టిన 253వ దళానికి హైదరాబాద్ స్టేట్ అని పేరు. అది హరికేన్లు నడిపింది. 1940 జులైలో 152వ దళం స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ అనే చోటికి వెళ్ళింది. పోర్ట్‌లండ్ నౌకాస్థావరాన్ని కాపాడడం దాని పని. ఆ వేసవిలో, శరత్తులో జర్మన్ విమానాలు గుంపులు గుంపులుగా వస్తుంటే రోజుకు మూడు నాలుగుసార్లు లేచి ఎదుర్కొన్నారు ఆ కుర్రవాళ్ళు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు. కొందరు ఆ సముద్రంలోనే కలిసిపోయారు. వాళ్ళ తల్లులు హైదరాబాదు ఎక్కడుందో ఎప్పుడైనా పటంలో వెతుక్కుని ఉంటారా?

ఇటు కోస్తావాళ్ళు తక్కువ తినలేదు లెండి. మద్రాసు ప్రెసిడెన్సీ పేరుతోనూ వాయుసేనలో దళాలున్నాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడితే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ తరువాత మన హైదరాబాదు దళం కూడా ఆఫ్రికా, మాల్టా, ఇటలీ తిరిగి తిరిగి మనవైపే వచ్చింది. 1944లో బర్మా సరిహద్దులో జపానువాళ్ళతో పోరాడింది. అక్కడ దాని స్పిట్‌ఫైర్ల పక్కన దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ వేసుకున్నారు. 1946 మార్చిలో దాన్ని రద్దు చేశారు.

* * *

"అమ్మమ్మా, విమానం చేసినంక కింద పీట మీద ఏమని రాయాలె? నిజాం సర్కార్ కానుక అని రాస్తా" అన్నాడు మనవడు.

ఏదో అడ్డుపడింది నాకు. "ఆగరా, అది తరువాత చూద్దాం" అన్నాను.

అడ్డుపడినదేమిటో చెప్పాలంటే కొంచెం లెక్క చెప్పాలి. 1940లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ నిధులని వెలిశాయి. విమానాల మంత్రి బీవర్‌బ్రూక్ ఒక స్పిట్‌ఫైర్ ఖరీదు 5,000 పౌన్లని ఉజ్జాయింపుగా ప్రకటించాడు. ఊరు ఊరూ చందాలు పోగుచేసింది. పెద్ద మొత్తం ఇవ్వలేనివాళ్ళు ఆరు పెన్నీలిచ్చి ఒక్క రివెట్టు నాదని చెప్పుకునేవాళ్ళు. ఆ జులైలో లేడీ రెడింగ్ అనే ఆవిడ, స్త్రీల సేవాదళానికి పెద్ద, గృహిణులను అల్యూమినియం సామాన్లు ఇమ్మని అడిగింది. విమానాలు చేస్తామంటే ఆడవాళ్ళు గిన్నెలూ పెనాలూ తెచ్చి గుట్టలు పోశారు. మనకు తెలుసు కదా, వాడి వాడి చేతికి అలవాటైన గిన్నెను ఇచ్చేయడమంటే ఎంత మాటో! అయినా ఇచ్చారు. నెత్తిన విమానం మోగితే, ఇది మా పాలగిన్నె కావచ్చు అనుకుని ఉంటారు.

గిన్నెలిచ్చి ఊరుకోలేదు. కర్మాగారం నుంచి విమానాశ్రయానికి స్పిట్‌ఫైర్లను నడిపి తీసుకెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ చేసిన మేలు ఇంకా చిత్రం. స్పిట్‌ఫైర్ ముక్కు కిందికి వంచి ఒక్కసారి దూకితే ఇంజనుకు పెట్రోలు సరిగా అందక దగ్గేది. జర్మన్ విమానానికి ఆ జబ్బు లేదు. శత్రువు తప్పించుకుపోయేవాడు. 1941లో ఆవిడ నడుమ బెజ్జమున్న చిన్న లోహపు బిళ్ళ ఒకటి తయారుచేసి పెట్రోలు దారిలో అమర్చింది. అంత పెద్ద విమానం దగ్గు ఆ బిళ్ళతో తగ్గింది! ఇంటి పనుల్లో కూడా ఇంతే కదా, పెద్ద తిప్పలు చిన్న బిళ్ళతో తీరిపోతాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. 5,000 పౌన్లంటే ఆనాటి మారకంలో 66,000కు పైచిలుకు కల్దార్ రూపాయలు. నైజాంలో చెల్లేది హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఇంచుమించు ఏడు హాలీలు. అంటే ఒక్క విమానానికి 77,000 పైచిలుకు హాలీ రూపాయలు. ఆ రూపాయలెక్కడివి? దివానీ ఖజానాకైనా, నిజాం సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫెఖాస్ గ్రామాలకైనా ఆధారం భూమే. ఆ భూమిని దున్నింది నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్లు రైతులు, కూలీలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నిజాంను ఒక్కణ్ణే అనడం కూడా న్యాయం కాదేమో. హిట్లర్ గెలిస్తే లోకం ఏమయ్యేదో తలుచుకుంటే, ఆ విమానాలు లేచి నిలబడడం మంచిదే. దానం మంచి పనికే పోయింది. అడిగి ఇచ్చాడా, అడక్కుండా ఇచ్చాడా అన్నదే నాకు పట్టుకుంది.

మా అమ్మ ఈ ఆలేరు దగ్గరి పల్లెలోనే పుట్టింది. 1943, 44 నాటికి పదకొండు, పన్నెండేళ్ళ పిల్ల. యుద్ధకాలపు కరువులో సర్కారు లెవీ ధాన్యం వసూలు చేసేది. పంట ఎంత వచ్చిందన్న దానితో పని లేదు. ఇన్ని బస్తాలు, ఈ ధరకు కొలిచి తీరాలి. బజారు ధర అంతకన్నా ఎంతో ఎక్కువ. పెద్ద దొరలు తప్పించుకుంటే చిన్న రైతు గాదె ఊడ్చుకుపోయేది. గింజలు కొలిచిన రోజున వాళ్ళమ్మ ఒక కాగులో రెండు మానికెలు దాచి, పైన బూడిద పోసి పెట్టిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. లెవీ గింజలతో స్పిట్‌ఫైర్ కొన్నారని నేననడం లేదు. కానుక ముందు జరిగింది, లెవీ తరువాత బిగుసుకుంది. అయినా ఇచ్చే చెయ్యి ఒకటే, తీసుకునే చెయ్యి ఒకటే.

అడగకుండా తీసుకుంటే ఏమవుతుందో ఈ జిల్లా చూపించింది. 1944లో మాకు దగ్గరే ఉన్న భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వనని కొంగు బిగించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు ఒరిగాడు. కడవెండి అప్పట్లో మన నల్లగొండ జిల్లాలోదే. హైదరాబాదు పేరున్న దళం రద్దయి అప్పటికి నాలుగు నెలలు. ఆకాశంలో హైదరాబాదు యుద్ధం ముగిసింది. నేల మీద హైదరాబాదు యుద్ధం మొదలైంది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది.

* * *

పదో రోజుకు విమానం పూర్తయింది. సన్నని దారం తీగగా బిగించాడు మనవడు. మూడు రెక్కల పంకా ఊదితే తిరుగుతోంది. ముక్కు దగ్గర నా టక్కులు ఎవరికీ కనబడవు. కాస్త దూరంగా పెట్టి చూస్తే ఇప్పుడే వచ్చి వాలినట్టుంది.

తొంభై దాటిన మా అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, విమానం ఆమె ఒళ్ళో పెట్టాడు వాడు. ఆమెకు చూపు తక్కువ. రెక్కలు తడిమింది. తోక తడిమింది.

"ఏంది బిడ్డా ఇది? చాటనా?"

"విమానం తాతమ్మా. నిజాం రాజు ఇంగ్లీషోళ్ళకు ఇచ్చిండు. మన పైసలతోటి."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. చేత్తో ఆ కాగితం రెక్క అంచు నిమురుతూనే ఉంది.

"దేనికిచ్చిండు?"

"చెడ్డోళ్ళతోటి యుద్ధమైతుంటే, వాళ్ళను ఆపెటందుకు."

"మంచికే అయితే, అడిగితే మేము ఇయ్యకపోతుంటిమా బిడ్డా?" అంది అమ్మ. "అడగనే అడగలె."

మనవడు నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను. పీట మీద అతికించడానికి వాడు ముందే అందంగా రాసి పెట్టుకున్న చీటీలో నిజాం సర్కార్ కానుక అని ఉంది. దాన్ని చింపలేదు. కింద ఇంకో వరుసకు చోటుంటే అక్కడ రాశాడు: నల్లగొండ జిల్లా రైతుల సొమ్ము, అడగకుండా తీసుకున్నది.

అక్షరాలు కొంచెం ఇరుకైనాయి. అయినా చదవడానికి వస్తాయి. విమానం ఇప్పుడు మా ముందుగదిలో టీవీ పక్కన ఉంది. ఆలేరు వైపు వస్తే మా ఇంటికి రండి, చూపిస్తాను. ముక్కు మాత్రం ముట్టుకోకండి, అది నా పని.